అర ఎకరం కాదు, రెండు గుంటలు

హైదరాబాద్ వదిలి వికారాబాద్ వైపు ఒక పల్లెలో రెండెకరాలు కొనుక్కుని స్థిరపడిన ఒక తల్లి ఎనిమిది పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టవద్దన్నారు. ఉత్తరంలోని ముఖ్యమైన సంగతులు ఇవి.

ఆమె వయసు 38. భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. రెండేళ్ల క్రితం ఆమె ఉద్యోగం మానేశారు. భర్త సగం జీతానికి ఒప్పుకుని, వారానికి మూడు రోజులు నగరానికి వెళ్లివచ్చే ఏర్పాటు చేసుకున్నారు. ఫ్లాటు అద్దెకిచ్చి, పన్నెండేళ్ల కూతురినీ, ఏడేళ్ల కొడుకునూ, అత్తగారినీ వెంటబెట్టుకుని పల్లె చేరారు. సొంత నేల, సొంత కూర, పిల్లలకు ఇంట్లోనే చదువు అనుకున్నారు.

మొదటి ఏడాది అర ఎకరంలో ఇరవై రెండు రకాల కూరగాయలు పెట్టారు. మే చివర ఒక జల్లు పడగానే విత్తనం వేస్తే, మొలిచిందల్లా ఎండకు మాడిపోయింది. రెండో ఏడాది నాలుగు ట్రాక్టర్ల పేడ తోలించారు. వేర్లను పురుగు కొరికేసింది, కలుపు మోకాలెత్తు లేచింది. బెండ ఆకులు పసుపెక్కాయి, టమాటా ఆకులు ముడుచుకున్నాయి. మిగిలినదాన్ని కోతుల మంద ఒక్క ఉదయంలో ఖాళీ చేసింది. ఏప్రిల్ వచ్చేసరికి బోరు అరగంట పోసి ఆగిపోతోంది. “అర ఎకరం తోట పెట్టుకుని శనివారం సంతలో టమాటాలు కొంటున్నాను. తెలిసినవాళ్లు కనబడితే సంచి వెనక్కి దాచుకుంటున్నాను” అని రాశారు.

చదువు సంగతి ఇంకా బరువైనది. ఉదయం తొమ్మిది నుంచి మూడు దాకా గంట కొట్టి, పీరియడ్లు వేసి ఆమే చెబుతున్నారు. కొడుకు తెలుగు ఒత్తుల దగ్గర ఆగిపోతున్నాడు. కూతురు ఎదురు చెప్పదు, కానీ మాట తగ్గించేసింది. “రోజూ ఎనిమిదింపావుకు బడి ఆటో మా గేటు ముందు నుంచి పోతుంది. ఆ వేళకు మా అమ్మాయి రెండు జడలు వేసుకుని, ఎర్ర రిబ్బన్లు కట్టుకుని గేటు దగ్గర నిలబడుతుంది. ఎందుకమ్మా అంటే ఊరికే అంటుంది.” పోయిన జూన్‌లో బడిబాటకు తిరుగుతూ ఊరి హెడ్‌మాస్టరు వచ్చి, బడి బయటి పిల్లల జాబితాలో వీళ్లిద్దరి పేర్లు రాసుకుని వెళ్లారు. కేసు పెడతారేమోనని అప్పటినుంచీ ఆమెకు భయం.

భర్త మంచివాడేనని మూడుచోట్ల రాశారు. అయితే ఆయన మాట ఒక్కటే: “ఇంకొక్క ఏడాది చూద్దాం, నీకే ఓపిక తక్కువ.” ఆయన తండ్రి వరంగల్ జిల్లాలో పత్తి రైతు. 1998లో పురుగు దెబ్బకు అప్పుల పాలై పొలం అమ్ముకున్నారు. అత్తగారు తోటలో అడుగు పెట్టరు సరికదా, వసారాలో కూర్చుని “ఏదో ఒకటి అంటూనే ఉంటారు.” దాచుకున్న సొమ్ములో మూడో వంతు మిగిలింది. వెనక్కి వెళ్లిపోవాలా, తోట మానేయాలా, పిల్లల భవిష్యత్తు పాడుచేశానా, తిరిగి వెళితే నలుగురూ నవ్వరా అన్నవి ఆమె ప్రశ్నలు.

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చేతిలో పెన్సిలు పట్టుకుని, ఎక్కడెక్కడ ‘మేము’ అని రాశారో, ఎక్కడెక్కడ ‘నేను’ అని రాశారో గీతలు పెట్టుకుంటూ పోయాను. పల్లెకు వచ్చింది మేము. తోట వేసింది మేము. పిల్లల్ని బడి మాన్పించింది మేము. కలుపు తీసింది నేను, నీళ్లు కట్టింది నేను, ఎక్కాలు చెప్పింది నేను, అత్తగారి బీపీ మాత్రలు గుర్తుపెట్టుకున్నది నేను. కల దగ్గర ‘మేము’, కలుపు దగ్గర ‘నేను’. మీకు ఓపిక తక్కువన్న మాట ఎంతవరకు నిజమో ఈ గీతలే చెబుతున్నాయి.

ఒక సంగతి ముందే చెప్పేస్తాను. నేను రైతు ఇంట పుట్టి, ముప్పై ఏళ్లకు పైగా సర్కారు బడిలో పాఠాలు చెప్పి విరమించినదాన్ని. బడి మీద నాకు పక్షపాతం ఉంది. నా మాటలకు ఆ మేరకు తరుగు తీసి చదువుకోండి.

తోటతో మొదలుపెడతాను, అన్నిటిలోకీ తేలికైన చిక్కు అదే కనుక. మీరు తోట చేయలేకపోలేదు. కొలత తప్పారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం ఆకుకూరలతో కలిపి పెద్దవాళ్లకు రోజుకు 400 గ్రాముల కూరగాయలు కావాలి. మీ ఐదుగురికీ కలిపి రెండు కిలోలనుకుందాం. ఆ రెండు కిలోల కోసం అర ఎకరం, అంటే ఇరవై గుంటలు దున్నించారు. ఐదుగురున్న ఇంటికి చక్కగా చేసుకుంటే రెండు గుంటలు చాలు. గుంట అంటే 33 అడుగుల చదరం. రెండు గుంటలంటే 66 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు. మీ అబ్బాయి చేతికి టేపు ఇచ్చి, వంటింటి గుమ్మానికి ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గరగా నాలుగు మేకులు పాతించండి. పోపు వేసి కరివేపాకు కోసుకురావడానికి పరుగెత్తే దూరంలో లేని తోటను ఏ ఇల్లాలూ రెండో నెల దాటి చూడదు.

నీళ్ల లెక్కా ఇదే. ఎండాకాలంలో రెండు గుంటల తోటకు రోజుకు సుమారు వెయ్యి లీటర్లు కావాలి. అర ఎకరానికి పదివేలు. అరగంట పోసే బోరు ఆ వెయ్యీ ఇస్తుంది, పదివేలు ఇవ్వమంటే చేతులెత్తేస్తుంది. పందిరి వేసి వల కప్పాలన్నా, కంచె కట్టాలన్నా రెండు గుంటలకైతే మీ చేతిలో పని, అర ఎకరానికైతే మీ పొదుపు మొత్తం పోయాలి. కోతుల విషయంలో నాకు తెలిసిన ఉపాయం ఒకటే. వాటికి ఇష్టమైన టమాటా, దోస, బీర వల లోపల పెట్టండి. మిరప, గోంగూర, కాకర, పసుపు, చామ వల బయట పెట్టండి. మా ఊళ్లో కోతులు వీటి జోలికి తక్కువగా వచ్చేవి. మీ ఊరి కోతుల చదువు ఎంతవరకు వచ్చిందో నేను చెప్పలేను.

ఇక మీరు విసుగ్గా రాసిన ఒక వాక్యం దగ్గరికి వస్తాను. “అత్తగారు ఏదో ఒకటి అంటూనే ఉంటారు: మృగశిర రాకుండా విత్తనం ఏమిటని, పేడ ఇంకా పచ్చిగా ఉందని.” ఈ వాక్యం దగ్గర నేను పెన్సిలు కింద పెట్టేశాను. అమ్మా, ఆవిడ రెండుసార్లూ సరిగ్గానే చెప్పారు. మే నెలాఖరులో, రోహిణి కార్తెలో పడే జల్లు నమ్మదగినది కాదు. విత్తనం మొలవడానికి చాలినంత తడి ఇస్తుంది, మొక్క బతకడానికి చాలదు. జూన్ మొదటి వారం దాటాక మృగశిరలో నాలుగు వేళ్ల లోతు తడి దిగేదాకా ఆగితే మొదటి ఏడాది విత్తనం మిగిలేది. రెండో ఏడాది నష్టం పచ్చి పేడ వల్ల వచ్చినట్టే ఉంది. చివకని పేడలో వేరుపురుగు ఉంటుంది, చెదలు చేరుతుంది, పశువు మేసిన గడ్డి గింజలన్నీ మొలుస్తాయి. మీ మోకాలెత్తు కలుపును ట్రాక్టరు కిరాయి ఇచ్చి మరీ తోలించుకున్నారు. చివికిన ఎరువు చేతిలోకి తీసుకుంటే టీపొడిలా రాలాలి, పేడ వాసన రాకూడదు. వేడిగా ఉన్నా, ముద్ద కట్టినా ఇంకా ఆగాలి.

ముప్పై ఏళ్లు పొలంలో వంగిన మనిషి మీ వసారాలో కూర్చుని ఉంటే, మీరిద్దరూ ఫోనులో వీడియోలు చూసి తోట వేశారు. పొరుగింటి పుల్లకూర రుచి అంటారే, అదే. ఆవిడ తోటలోకి ఎందుకు రారో కూడా ఆలోచించండి. ఆ మట్టి ఆవిడ భర్త పొలాన్ని మింగింది. కొడుకు మళ్లీ అదే మట్టిలో డబ్బు పోస్తుంటే చూడలేకపోతున్నారేమో. ఆవిడను పనిలోకి దించమని నేను అనడం లేదు, చేసిన చాకిరీ చాలు. మడి పక్కన కుర్చీ వేసి, “అత్తయ్యా, ఇది ఎప్పుడు వేయమంటారు?” అని అడగండి. మొదటి రోజు దెప్పుతారు. దెప్పనివ్వండి.

ఈ వేసవిలో ఏమీ నాటకండి. మీ జిల్లా కృషి విజ్ఞాన కేంద్రానికి గానీ, మండల వ్యవసాయ అధికారి దగ్గరికి గానీ మట్టి పరీక్షకు పంపండి. ఎనిమిది పది చోట్ల ఆరంగుళాల లోతున తవ్వి, తీసిన మట్టినంతా కలిపి, అందులోంచి అరకిలో తీసుకెళ్లాలి. బోరు నీళ్లు కూడా ఒక సీసాలో పట్టుకెళ్లండి. ఉప్పు నీరైతే మీరు ఎంత చాకిరీ చేసినా చిక్కుడు, బీన్స్ పండవు, ఆ తప్పు మీ మీద వేసుకుంటారు. మిగిలిన పద్దెనిమిది గుంటల్లో వాన పడ్డాక జనుమో జీలుగో చల్లి, పూత దశలో నేలలోకి కలియదున్నించండి. ఆ భూమి పడావు పడ్డట్టు ఎవరికైనా కనబడితే కనబడనివ్వండి.

మృగశిరలో తోటకూర, పాలకూర, గోంగూర, బెండ, గోరుచిక్కుడు, పందిరికి బీర, సొర. ఇంతే, ఏడు రకాలు. తోటకూర నెల తిరక్కుండా కోతకు వస్తుంది. బెండ నెలన్నర దాటాక కాయ ఇస్తుంది. మొదటి కూర త్వరగా వంటింటికి చేరడం మీకిప్పుడు ఎరువు కన్నా ముఖ్యం. మడి వెడల్పు మూడడుగులు దాటకూడదు, రెండు వైపుల నుంచీ చేయి అందాలి. పందిరి ఉత్తరం వైపు వేస్తే మిగతా మడుల మీద నీడ పడదు. ఆకుకూర మడి మొత్తం ఒకేసారి చల్లకండి. పదిహేను రోజులకో పిడికెడు. టమాటా, వంగ, మిరప నారు ఆ ఏడుగురూ నిలదొక్కుకున్నాక పోసుకోవచ్చు. బెండకు వచ్చిన పల్లాకు తెగులునూ, టమాటా ఆకుముడతనూ మోసుకొచ్చేది తెల్లదోమ. ఆ మొక్కకు మందు లేదు, పీకి కాల్చేయడమే. పసుపు జిగురు అట్టలు కట్టండి. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ విత్తనాల్లో అర్క రక్షక్ టమాటా ఆకుముడతను కొంత తట్టుకుంటుంది. నాటు విత్తనమే వేయాలన్న పట్టు మీ ఆయనకు ఉందని రాశారు. మంచిదే, కానీ మొదటి ఏడాది తినడానికి, రెండో ఏడాది నుంచి సిద్ధాంతానికి.

తోట పూర్తిగా మానేసే దారీ ఉంది. సంతలో కొనుక్కోవడం నేరమేమీ కాదు. ఆ సంచి దాచకండి, పల్లెలో అందరూ సంతలోనే కొంటారు. మానేస్తే మీకు రోజుకు మూడు గంటలు మిగులుతాయి, వాటితో పిల్లల చదువు కుదుటపడవచ్చు. అయితే ఇంత దూరం వచ్చింది దేనికన్న ప్రశ్న భోజనాల దగ్గర రోజూ కూర్చుంటుంది. రెండు గుంటలు దానికి మధ్య మార్గమని నా అభిప్రాయం.

పిల్లల సంగతి.

ముందు ఆ హెడ్‌మాస్టరు భయం తీసేస్తాను. 2009 నాటి విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలను దగ్గరి బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అని పదో సెక్షన్ చెబుతుంది. చేర్పించకపోతే తల్లిదండ్రులకు ఫలానా శిక్ష అని మాత్రం ఆ చట్టంలో ఎక్కడా లేదు. ఇంటి చదువును అది పేరు పెట్టి ఒప్పుకోనూ లేదు, కాదననూ లేదు. మీరు నిలబడ్డది అలాంటి సందిగ్ధపు నేల మీద. ఆ హెడ్‌మాస్టరు తన ఉద్యోగం తాను చేశారు, నేనూ అలాగే ఇల్లిల్లూ తిరిగినదాన్నే. ఈ జూన్‌లో వస్తే కూర్చోబెట్టి టీ ఇచ్చి, పిల్లల నోటు పుస్తకాలు చూపించండి. పేరు బడిలో రాయించి పిల్లల్ని ఇంట్లో ఉంచుకునే ‘సర్దుబాటు’ ఎవరైనా చెబితే ఒప్పుకోకండి. అది ఆయన హాజరు పట్టీలో అబద్ధం రాయించడం.

కూతురికి పన్నెండేళ్లు. ఉత్తరం ఐదో పేజీలో, దూడ పుట్టడం చూశాక పశువుల డాక్టరు అవుతానంటోందని ఒక ముక్క రాసి వదిలేశారు. ఇంట్లోనే ఉంచితే ముందున్న దారి ఇది: పద్నాలుగు నిండాక జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా గానీ, తెలంగాణ ఓపెన్ స్కూల్ ద్వారా గానీ పదో తరగతి పరీక్ష రాయవచ్చు. జాతీయ సంస్థ 1989 నుంచి ఉంది. ఐదు సబ్జెక్టులు కనీసం. ఒకేసారి రాయక్కర్లేదు, ఒకసారి చేరితే ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలు. ఆ సర్టిఫికెట్టుతో ఇంటర్‌లో చేరవచ్చు. ఇంత దూరం చదివితే హాయిగా అనిపిస్తుంది. హాయి కానిది ఏమిటంటే, బైపీసీకి వెళ్లే పిల్ల సైన్సు ఎవరో ఒకరు దగ్గరుండి చెప్పాలి. మీది కంప్యూటర్ చదువు. రెండేళ్లలో మీరు జీవశాస్త్రం నేర్చుకుని చెప్పాలి, లేదా ట్యూషను వెతకాలి. మరొకటి, రేపు పై చదువుల సీట్లలో స్థానికత అడుగుతారు. బడిలో చదివినవారికి చదువు సర్టిఫికెట్లే రుజువు, చదవనివారు నివాసం చూపించాల్సి వస్తుంది. తహసీల్దారు ఇచ్చే నివాస ధ్రువపత్రం, కరెంటు బిల్లులు ఇప్పటినుంచే ఒక ఫైలులో పెట్టండి. ఆ నిబంధనలు మారుతుంటాయి కనుక ఆ ఏటి ప్రకటన చూసుకోవాలి.

బడికి పంపే దారిలో ఉన్న భయం, రెండేళ్లు మానేసిన పిల్లను ఎవరు చేర్చుకుంటారన్నది. చేర్చుకుంటారు. అదే చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలి, వెనకబడిన పాఠాలకు ప్రత్యేకంగా చెప్పాలి. మీ ఊరి నుంచి ఆటో వెళ్లేది జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకే అయితే మీకు ఖర్చు ఆటో కిరాయి మాత్రమే. బడిలో నష్టాలు లేవనను. లెక్కల మాస్టారు బదిలీ అయితే అరగంట క్లాసు ఆటల్లో పోతుంది, మీరు చెప్పినంత శ్రద్ధగా ఎవరూ చెప్పకపోవచ్చు, మరుగుదొడ్డి ఎలా ఉందో మీరే వెళ్లి చూసి రావాలి. ఆడపిల్ల తల్లిగా అది మొదట చూడవలసినది. లాభం ఒకటుంది, అది పుస్తకంలో లేనిది. పన్నెండేళ్ల పిల్లకు అమ్మతో చెప్పని మాటలు చెప్పుకోవడానికి తన ఈడు పిల్ల కావాలి. దానికి మీరు ఎంత మంచి తల్లి అయినా సరిపోరు.

ఆ రిబ్బన్ల మాట మీరు ఒక వాక్యంలో రాశారు. నేను ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఉన్నాను. ఇంటి చదువుకు రెండు జడలు అక్కర్లేదు కదమ్మా. ఆ పిల్ల మిమ్మల్ని నొప్పించకుండా అడుగుతోంది. “బడికి వెళతావా?” అని సూటిగా అడిగితే, మీ కళ్లలోకి చూసి వద్దంటుంది. అలా కాకుండా ఒక వారం వెళ్లి కూర్చుని రమ్మనండి. హెడ్‌మాస్టరుతో మాట్లాడితే కాదనకపోవచ్చు. వారం తరువాత మీ ముందు కాదు, నానమ్మ ముందు చెప్పమనండి. వద్దంటే అప్పుడది నిజమైన వద్దు.

అబ్బాయి సంగతి వేరు. ఏడేళ్లవాడు ఒత్తుల దగ్గర ఆగడం అరిష్టం కాదు. మూడో తరగతి ముగిసేసరికి పిల్లలు ధారాళంగా చదవాలన్నది 2020 జాతీయ విద్యావిధానం పెట్టుకున్న లక్ష్యమే తప్ప, ఏడేళ్లకే రావాలని కాదు. కాకపోతే మీ తొమ్మిది నుంచి మూడు గంటల దాకా బడి వాడికి దండగ. నలభై మంది ఉన్న తరగతికి ఆరు గంటలు పడుతుంది, ఒక్కడికి రెండు చాలు. పొద్దున గంటన్నర చదువు, రాత, ఎక్కాలు. సాయంత్రం అరగంట కథ మీరు చదవండి, వాడు వినాలి. మీరు కొట్టే ఆ బడిగంటను ఎక్కడైనా దాచేయండి. ఎనిమిది దాటినా అక్షరాలు తారుమారు చేస్తూ, చదవమంటే కడుపునొప్పి తెచ్చుకుంటూ ఉంటే పిల్లల నిపుణులకు చూపించండి. బద్ధకమనుకుని కొట్టవద్దు.

తోటలో చదువు గురించి రెండు మాటలు. వేసే ముందు ఏ విత్తనమైనా వంద గింజలు లెక్కపెట్టి, తడి గోనెగుడ్డలో పది వరసలు పేర్చి చుట్టి పెట్టమని అబ్బాయికి చెప్పండి. వారం తరువాత విప్పి ఎన్ని మొలిచాయో లెక్కపెడితే శాతం అంటే ఏమిటో వాడికి మళ్లీ చెప్పక్కర్లేదు. వంగ మొక్కకు ఒక్క కొమ్మ చివర మాత్రమే వాడిపోయి వేలాడుతుంటే తుంచి గోటితో చీల్చి చూపించండి. లోపల సొరంగం, సొరంగం చివర లేత గులాబీ రంగు పురుగు. నీళ్లు చాలక వాడిందో, పురుగు తొలిచి వాడిందో అప్పుడు తెలుస్తుంది. ఆ ఒక్క కొమ్మ మీద మీ పిల్లలిద్దరూ పది ప్రశ్నలు వేస్తారు. అయితే బెండకాయలు లెక్కపెడితే గణితం దానంతటదే వచ్చేస్తుందనేవారిని నమ్మకండి. బీజగణితం పాదులో మొలవదు, కూర్చుని చేయాలి.

ఒకరిని బడికి పంపి ఒకరిని ఇంట్లో ఉంచడం సిద్ధాంతానికి ఓటమి అని మీ ఆయన అనవచ్చు. ఇద్దరు పిల్లలు ఇద్దరు మనుషులు అని చెప్పండి. చిన్నవాడు అక్క వెంట ఆటో ఎక్కుతానని ఏడిచే ప్రమాదం కూడా ఉంది. అప్పుడు వాడికీ ఒక వారం.

ఇక మీ ఆయన. ఆయన మీద కోపం తెప్పించడం నా ఉద్దేశం కాదు. తండ్రి పోగొట్టుకున్న పొలాన్ని కొడుకు తిరిగి తెచ్చుకుంటున్నాడు. 1997, 98ల్లో వరంగల్ పత్తి రైతుల ఇళ్లలో పెరిగిన పిల్లలకు భూమి అంటే ఆస్తి కాదు, చెరిగిపోయిన పరువు. ఆయన ‘ఇంకొక్క ఏడాది’ అనడంలో మీ ఓపికకు సంబంధించింది ఏమీ లేదు. ఆ సంగతి మీరిద్దరూ ఎప్పుడైనా మాట్లాడుకున్నారా? ఉత్తరంలో అలాంటి జాడ లేదు. ఆయన తల్లి ముందు మాట్లాడితే ఇంకా మంచిది.

అలాగని అర్థం చేసుకుంటే కలుపు పోదు. ఒక వారం పాటు వంటింటి గోడకు కాగితం అంటించి ఎవరు ఏ పని ఎంతసేపు చేశారో ఇద్దరూ రాయండి. వాదించవద్దు, రాయడమే. ఆదివారం నాడు ఆ కాగితం మధ్యలో పెట్టుకుని కూర్చోండి. ఆయన ముందు రెండు దారులు పెట్టవచ్చు. ఆయన నగరానికి వెళ్లే రోజులు తగ్గించుకుని తోట పూర్తిగా ఆయన చేతిలోకి తీసుకోవడం ఒకటి. జీతం ఇంకా తగ్గుతుంది, మిగిలిన సొమ్ము త్వరగా కరుగుతుంది. లేదా ఆయన పూర్తి ఉద్యోగానికి తిరిగి వెళ్లి, ఆ డబ్బుతో వారానికి రెండు రోజులు ఒక కూలీ మనిషిని పెట్టుకోవడం. అప్పుడు ‘సొంత చేతుల పంట’ అని ఫొటోలు పెట్టడానికి ఉండదు. మూడో దారి, మీరు ఇంటి నుంచి సగం పూట ఉద్యోగం చూసుకోవడం. పిల్ల బడికి వెళితే ఇది కుదరవచ్చు. పద్నాలుగేళ్ల అనుభవం ఉన్న మీ ఉద్యోగం గురించి ఎనిమిది పేజీల్లో ఒక్క వాక్యమే రాశారు, అది కూడా ‘మానేశాను’ అని.

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి, మీవి కొండలు కావు. మిగిలిన సొమ్మును నెల ఖర్చుతో భాగించి ఎన్ని నెలలు వస్తాయో కాగితం మీద వేయండి. ఏడాదికి తక్కువగా వస్తే, ‘ఇంకొక్క ఏడాది’ అన్నది ఆయన ఇష్టానికి వదలాల్సిన మాట కాదు. ఏ నెలలో, ఎంత సొమ్ము మిగిలినప్పుడు ఆగి తిరిగి ఆలోచించాలో ఇద్దరూ ఇప్పుడే రాసి పెట్టుకోండి. అప్పు చేసి తోట చేయడం మాత్రం మీ ఇంటికి ఒకసారి చాలు.

తిరిగి వెళితే నలుగురూ నవ్వుతారా అన్నారు. నవ్వుతారు. ఒక పెళ్లిలో, ఒక గృహప్రవేశంలో. తరువాత వాళ్లకు వేరే కథ దొరుకుతుంది. కానీ మీరిప్పుడు వెళ్లిపోతే మీ అలసట వెళుతుందే తప్ప మీ ఆలోచన కాదు. ఒక వానాకాలం రెండు గుంటలు చేసి, పిల్లను వారం బడికి పంపి చూశాక దసరాకు తీసుకునే నిర్ణయం ఇప్పటి నిర్ణయం కన్నా మీది అవుతుంది. ఈ మధ్యలో ఇల్లంతా జ్వరాన పడినా, చేతిలో డబ్బు మీరు రాసుకున్న గీత కిందికి దిగినా దసరా దాకా ఆగకండి.

ఫ్లాటులో అద్దెకున్నవారి గడువు జూలైతో ముగుస్తుందని, అమ్మేద్దామని మీ ఆయన అంటున్నారని చివర్లో రాశారు. ఈ ఏడాది ఆ మాట ఎత్తనివ్వకండి. వాళ్లకే ఇంకో పదకొండు నెలలకు రాసివ్వండి, ఆ అద్దె మీ పేరున ఉన్న ఖాతాలో పడేలా చూసుకోండి.